ఐదు మీటర్ల చదరం

ఫర్జానా తాడు పట్టుకొచ్చింది.
నాలుగు మేకులు, ఒక త్రాసు, ఒక ఫారం.
చేను ఏ మూల కొలవాలో
ఫోన్లో ముందే పడిన అంకె చెబుతాదంట.
పొడుగున నలభై మూడు అడుగులు, అడ్డంగా పదహారు.
పద్నాలుగేండ్లుగా నేను తొక్కుతున్న మన్నులో
ఆ అంకె నన్ను దారి అడగలేదు.

"ఈ కొస పట్టుకో మారెక్కా" అనింది.
పట్టుకున్నా.
మేకు దిగలేదు.
జానెడు ఎర్రమన్ను, దాని కింద రాయి.
ఇంకోపక్క కొట్టినాం, ఏదో దిగింది.

చదరంలోని చెట్లు పీకినాం.
చెట్టుకు ఆరు కాయలు, ఏడు.
ఒకదానికి రెండే, అవీ లొట్టలు.
కిలో రెండొందల గ్రాములు.
పచ్చి తూకం.
ఆ పిల్ల గుణించుకొని
ఎకరాకు ఐదు మూటలు కూడా రావనింది
గొంతు తగ్గించి,
చావు కబురు చెప్పినట్టు.

విత్తనాల సంచి మీద ఇరవై అని అచ్చేసిండారు.
ఆ సంచినే కొట్టానికి తలుపుగా కట్టినా.
గాలి వచ్చినప్పుడల్లా
ఇరవై ఊగుతా ఉంటాది.

ఫారంలో ఒక గడి, కారణం అని.
"వర్షాభావం" రాయబోయింది.

ఆగు పాపా.
వాన వచ్చింది.
పునర్వసు కార్తెలో వంకలు పారేటట్టు వచ్చింది.
మూడు దినాలు నిండా పదును.
ఎద్దులుంటే రెండో పొద్దుకే గొర్రు కట్టేటోళ్ళం.
ఎద్దులు పోయిన కరువులోనే సంతకెక్కినాయి.
ఊరంతటికీ వన్నూరప్ప ట్రాక్టరు ఒకటే,
ముందు అప్పు తీర్చినోళ్ళ చేన్లు,
ఆనక వాళ్ళ బావమరుదులవి.
మా గట్టు కాడికొచ్చేసరికి ఐదో దినం.
పిడికిట పట్టిన మన్ను
ముద్ద కాకుండా జారిపాయె.
ఆ రెండు దినాల్లో పోయిన మూటల్ని
ఏ త్రాసులో పెడతావు?

సగమే మొలిచింది,
పండ్లూడిన నోరు మాదిరి సాళ్ళు.
పూత మీద ముప్పై ఆరు దినాలు చినుకు లేదు, నిజమే.
ఊడలు దిగేది నువ్వు పుస్తకంలో చదివింటావు.
నేను మోకాళ్ళ మీద కూర్చోని చూసినా:
సూది మొన మాదిరి కిందికి వంగి
మన్ను తట్టి, తట్టి,
ఎవురూ తియ్యక
అట్లే గాలిలో ఎండిపాయె.
గుంటక తోలింటే పై పెచ్చు పగిలేది.
గుంటకకు మళ్ళా ఎద్దులే కావాల.
జిప్సం ఇస్తామనిరి.
లారీ వచ్చేనాటికి కాయ పెరికే కాలం.
ఆ సంచులకు ఇప్పుడు
ముసలోళ్ళు వీపులు ఆనించి కూర్చుంటారు.

నా తప్పు ఒకటుంది, అదీ రాసుకో.
దిబ్బలోని ఎరువు రెండు ట్రాక్టర్లు
చీనీ తోట వాళ్ళకు అమ్మినా.
చిన్నదాని ఫీజు కట్టాల్సి ఉండె.

ఫర్జానా పెన్ను మూసింది, మళ్ళా తెరిచింది.
గడి రెండు వేళ్ళ వెడల్పు.
"వేరే మాట రాస్తే కంప్యూటర్ తీసుకోదక్కా,
బీమా కూడా రాదు."
వర్షాభావం అనే రాసింది.
కింద సంతకం పెట్టినా.
తాడు చుట్టుకొని
కంబదూరు దిక్కు బండి తిప్పింది.

అప్పుడు పోయినా తూర్పు మూలకు.
మేకు పాతిన చోటికి ఇరవై అడుగులు కూడా లేదు.
ఉగాది దాటినాక గాలివానకు దారి తప్పి
కురుబ ఈరన్న మంద
ఆడ ఒక్క రేత్రి పండుకుండె.
మంద కట్టినందుకు గింజలు కొలుస్తానంటే
వద్దని, రెండు సంగటి ముద్దలు తిని పోయినాడు.

అదే విత్తనం. అదే ఐదో దినం.
అదే ముప్పై ఆరు దినాల ఎండ.
ఆ మేర మాత్రం ఆకు నలుపెక్కి ఉంది.
ఒక చెట్టు పీకి, దులిపి,
కొంగులో పోసుకొని లెక్కబెట్టినా.
ఇరవై ఆరు.
మళ్ళా లెక్కబెట్టినా.

మందలో ఎన్ని గొర్రెలుండెనో
ఆ రేత్రి నేను అడగలేదు.